రాత్రి తొమ్మిదింటికి కూడా "మోయిన్" అంటారేంటండీ? ఇది గుడ్ మార్నింగేనా, ఇంకేదైనానా?

కోనసీమ_కుర్రాడు | రాత్రి 10:42

అందరికీ నమస్కారమండి. మాస్టర్స్ చేద్దామని జర్మనీ వచ్చి రెండు నెలలైంది, ఊరి పేరు ఎమ్డెన్, జర్మనీ మ్యాపులో ఎడం చేతి పక్క పైమూల, నెదర్లాండ్స్‌కి ఆనుకుని ఉంటది చూడండి అక్కడ. ఈ ప్రాంతాన్ని ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ అంటారు, తూర్పు ఫ్రీసియా అన్నమాట. ఇండియాలో ఉండగా కోచింగ్‌లో గూటెన్ మోర్గెన్, గూటెన్ టాగ్, గూటెన్ ఆబెంట్ అని వేళకో పలకరింపు బట్టీ కొట్టించారు, తీరా ఇక్కడికొస్తే ఒక్కడూ ఒక్కటీ వాడట్లేదు. పొద్దున్నే బేకరీలో మోయిన్, మధ్యాహ్నం లైబ్రరీలో మోయిన్, రాత్రి తొమ్మిదింటికి చెత్త పడేద్దామని కిందకెళ్తే కుక్కని తిప్పుతున్న ఎదురింటి పెద్దాయన కూడా మోయిన్. పాపం వయసైపోయింది వేళ తెలీట్లేదేమో అనుకుని నేను "గూటెన్ ఆబెంట్" అని కాస్త గట్టిగా, సరిదిద్దినట్టు చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ మోయిన్ అన్నాడు.

క్లాసులో అడిగితే ఒకమ్మాయి అది జర్మనే కాదు ఫ్రీసియన్ అంటది, పక్కనున్నోడు కాదు మోర్గెన్‌ని నమిలేస్తే వచ్చింది అంటాడు, ఇంకోడు "అందం" అని అర్థం అంటాడు. ఇక్కడ భాషల మీద పిచ్చి ఉన్నోళ్ళు చాలామంది ఉన్నారని అడుగుతున్నా, ఏది నిజం?

పాతబస్తీ_పోరడు | రాత్రి 10:58

అన్నా నేను హాంబుర్గ్‌ల నాలుగేండ్ల సంది ఉంటున్న. మొదటి రోజు రైలు దిగంగనే ఎవడో మోయిన్ అన్నడు, నేను గబుక్కున ఎనకకు తిరిగిన, మా గల్లీల మొయిన్ భాయ్ అని పంక్చర్ దుకాణమాయన ఉండె, ఈడికెట్లొచ్చిండు అనుకున్న 😂

ఒక మాట యాదికి పెట్టుకో, మోయిన్ ఒక్కసారే అను. రెండుసార్లు మోయిన్ మోయిన్ అంటే నీకు వాగుడెక్కువ అని లెక్క. ఇది ఈడ అందరు చెప్పే జోకు గానీ సగం నిజం గూడ ఉంది, ఉత్తర జర్మనీ వాళ్ళు మాట ఖర్చుపెట్టరు. మా టీమ్ లీడ్ పొద్దుగాల మోయిన్ అని కూసుంటడు, పొయ్యేటప్పుడు చ్యూస్ అంటడు, నడుమ మొత్తం మెయిలే.

సీమ_బిడ్డ | రాత్రి 11:20

నేను గ్రోనింగెన్‌లో ఉండాను, ఎమ్డెన్ నుంచి సరిహద్దు దాటితే మా ప్రావిన్సే. ఇక్కడ "న్" కూడా లేదు, ఉత్త "మోయ్" అంటారు. వచ్చినప్పుడూ మోయ్, పొయ్యేటప్పుడూ మోయ్. డచ్‌లో మోయ్ అంటే బాగుండేది, అందమైనది అని మామూలు మాట, మోయ్ వేర్ అంటే మంచి వాతావరణం. కాబట్టి ఆ అందం అని చెప్పినోడు ఊరికే అనలేదు లే, దానికేదో లెక్క ఉంది.

నిఘంటు_పిచ్చి | రాత్రి 11:47

ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టున్నాను, కాస్త పొడుగు అవుతుంది, తిట్టుకోకండి.

రెండు వాదాలున్నాయి. మొదటిది మోర్గెన్ వాదం. జర్మన్ మోర్గెన్ అంటే పొద్దున. ఉత్తరాన, బెర్లిన్ పక్క కూడా మామూలు జనం నోట్లో "గ" మెత్తబడి "య" అయిపోతుంది, మోర్గెన్ కాస్తా మోర్యెన్. ఇక "ర" జర్మన్‌లో అచ్చు తర్వాత ఎలాగూ గట్టిగా వినపడదు, అది కూడా జారిపోతే మోయెన్, చివరి అచ్చు మింగేస్తే మోయిన్. అందులో "యి" ఎక్కడిది అని చాలామంది అడుగుతారు, అది ఆ మెత్తబడిన "గ" మిగిల్చిన గుర్తు. ఒక్కో మెట్టూ విడిగా చూస్తే నమ్మశక్యంగానే ఉంటుంది.

రెండోది మోయ్ వాదం. లో జర్మన్ అని ఉత్తరాది భాష ఒకటుంది, ప్లాట్ అంటారు, మీ క్లాసులో మూడోవాడు చెప్తున్నది దాని సంగతే. అందులో మోయ్ అంటే మంచి, అందమైన. సీమ_బిడ్డ గారు చెప్పిన డచ్ మాట, ఫ్రీసియన్‌లో మోఆయ్, అన్నీ ఒకటే. "మోయెన్ డాగ్" అంటే మంచి రోజు, అంటే "నీకు మంచి రోజు కావాలి" అనే పలకరింపు. రోజు ఎగిరిపోయి మోయెన్ మిగిలింది, అదే మోయిన్ అంటారు. ఈ వాదానికి బలం ఏంటంటే మీకొచ్చిన అనుమానమే, రాత్రి తొమ్మిదింటికి గుడ్ మార్నింగ్ ఎవడంటాడు, మంచిరోజు అయితే ఎప్పుడైనా అనొచ్చు కదా.

ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్‌లో ఎవర్నడిగినా రెండోదే కరెక్ట్ అంటారు. నాకు మాత్రం మొదటిదే ఎక్కువ సబబు అనిపిస్తుంది, ఎందుకో రేపు రాస్తా, నిద్రొస్తోంది.

బెంగళూరు_బాబు | ఉదయం 7:05

గూగుల్‌లో మోయిన్ మోయిన్ అని కొడితే నాకు నైజీరియా వంటకం వచ్చింది. అలసందల పొట్టు తీసి రుబ్బి ఆవిరి మీద ఉడికిస్తారంట, చూడ్డానికి మన కుడుముల్లా ఉంది. ఇది కూడా జర్మనీ నుంచేనా 😅

నిఘంటు_పిచ్చి | ఉదయం 7:31

కాదు బాబూ, దానికీ దీనికీ ఏ సంబంధం లేదు, అది యోరుబా వాళ్ళ వంట. ఉచ్చారణ కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు అనడానికి మాత్రం భేషైన ఉదాహరణ, పాతబస్తీ మొయిన్ భాయ్‌తో సహా.

వేదవిద్య | ఉదయం 8:12

ఎందుకండీ ఇంత తర్జనభర్జన. సంస్కృతంలో మోదము అంటే సంతోషం. మోద నుంచి మోయ్, మోయ్ నుంచి మోయిన్. ఆమోదం, ప్రమోదం, వినోదం అన్నీ ఆ బాపతే. మన ఋషులు ఎప్పుడో చెప్పారు.

పాతబస్తీ_పోరడు | ఉదయం 8:15

వచ్చిండు 🙏

రిటైర్డ్_మాస్టారు | ఉదయం 9:40

వేదవిద్య గారూ, వినోదం వేరే ధాతువు నాయనా, ముద్ కాదు, నుద్. సంస్కృతం అన్నప్పుడైనా ధాతువు సరిచూసుకోవాలి. 38 ఏళ్ళు తెలుగు చెప్పిన చేతికి ఇలాంటివి కనపడితే ఎర్రసిరా పెన్ను కోసం వెతుక్కుంటుంది, ఏమనుకోకండి.

మాటకి మూలం చెప్పాలంటే దారిలో మజిలీలు చూపించాలి. మోదం ఏ శతాబ్దంలో, ఏ భాషలో, ఏ రూపంలో ఉండి ఉత్తర సముద్రం ఒడ్డుకి చేరింది? అది చూపించకుండా కలిపేస్తే త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందన్నట్టే. మూడు శివలింగాల మధ్య దేశం కాబట్టి త్రిలింగం, దాన్నించి తెలుగు అని మా చిన్నప్పుడు మాకూ చెప్పారు, మేమూ పిల్లలకి చెప్పాం. తెలుంగు అనే మాట ముందే ఉంటే దానికి సంస్కృతం చొక్కా తొడిగి త్రిలింగం చేశారని చాలామంది భాషావేత్తల మాట. వినడానికి ఎంత అందంగా ఉంటే అంత అనుమానించాలి.

ఆ లెక్కన నాకు ఆ "మంచి రోజు" వాదం మీద కూడా అనుమానమే. మరీ ముద్దుగా ఉంది.

కోనసీమ_కుర్రాడు | మధ్యాహ్నం 1:10

మాస్టారూ 🙏 ఒక బేసిక్ డౌటు అడుగుతా నవ్వకండి. అసలు ఫ్రీసియన్ అంటే జర్మన్‌లో ఒక యాసేనా? మన ఉత్తరాంధ్ర తెలుగు, తెలంగాణ తెలుగు లాగా?

సీమ_బిడ్డ | మధ్యాహ్నం 1:36

లేదబ్బా, వేరే భాష. ఆ మాట నెదర్లాండ్స్‌లో ఫ్రీసియన్ల ముఖ్యపట్నం లీవార్డెన్‌లో అనొద్దు, అక్కడ ఊర్ల బోర్డులు డచ్‌లోనూ ఫ్రీసియన్‌లోనూ ఉంటాయి, ఫ్రీసియన్ నేర్పే బళ్ళున్నాయి, వాళ్ళ ప్రావిన్స్‌లో అది అధికార భాష. డచ్‌కి యాస అంటేనే ఊరుకోరు, జర్మన్‌కి యాస అంటే ఇంక చెప్పేదేముంది.

నిఘంటు_పిచ్చి | మధ్యాహ్నం 2:20

నవ్వాల్సిందేం లేదు, మంచి ప్రశ్న. ఫ్రీసియన్‌కి బాగా దగ్గరి చుట్టం జర్మన్ కాదు, ఇంగ్లీష్. చీజ్‌ని ఫ్రీసియన్‌లో చీస్ అంటారు, జర్మన్‌లో కేజె. చర్చ్‌ని ఫ్రీసియన్‌లో చెర్కె అంటారు, జర్మన్‌లో కిర్షె. అంటే జర్మన్‌లో "క" ఉన్నచోట ఇంగ్లీష్‌లో, ఫ్రీసియన్‌లో "చ". వెన్న, రొట్టె, పచ్చి చీజ్ అని మూడు మాటలతో ఒక సామెత ఉంది, అది పలకలేనివాడు అసలైన ఫ్రీసియన్ కాదు అని. 16వ శతాబ్దం మొదట్లో గ్రుటె పియర్ అనే తిరుగుబాటు యోధుడు పట్టుకున్న ఓడల్లో శత్రువెవరో మనవాడెవరో తేల్చడానికి ఆ వాక్యం చెప్పించేవాడని కథ.

ఈ ఫ్రీసియన్ ఇప్పుడు మూడు ముక్కలు. నెదర్లాండ్స్‌లో పశ్చిమ ఫ్రీసియన్, 4 లక్షల మందికి పైగా మాట్లాడతారు. జర్మనీలో పైన డెన్మార్క్ సరిహద్దు పక్క, జిల్ట్, ఫోహ్ర్ లాంటి దీవుల్లో ఉత్తర ఫ్రీసియన్, 10,000 లోపే. మూడోది జాటర్‌లాండ్ అని నాలుగు పల్లెలు, సుమారు 2,000 మంది.

బెంగళూరు_బాబు | మధ్యాహ్నం 2:41

ఆగండాగండి. ఆ "క" - "చ" గొడవ మనకీ ఉంది! నేను పుట్టింది బెంగళూరులో, ఇంట్లో తెలుగు బయట కన్నడ. కన్నడలో కివి, మనకి చెవి. కన్నడలో కెరె, మనకి చెరువు. కన్నడలో కై, మనకి చెయ్యి. చిన్నప్పుడు అమ్మమ్మకి కెరె దగ్గర ఆడుకున్నా అని చెప్తే ఎవరో కర్ర పట్టుకున్నారనుకుంది.

నిఘంటు_పిచ్చి | మధ్యాహ్నం 2:50

అబ్బ, సరిగ్గా అదే! ఇ, ఎ లాంటి అచ్చుల ముందు "క" చకారం అవ్వడం. తెలుగు, తమిళం మార్చుకున్నాయి, కన్నడం పాతదే ఉంచుకుంది. అక్కడ ఫ్రీసియన్, ఇంగ్లీష్ మార్చుకున్నాయి, జర్మన్ ఉంచుకుంది. ఒకళ్ళని చూసి ఒకళ్ళు చేసింది కాదు, నాలుక చేసే పని ఎక్కడైనా ఒకటే. మాస్టారు చెప్పిన మజిలీలు అంటే ఇవే, ఒక మాటలో కాదు, వరసగా పది మాటల్లో అదే మార్పు కనపడాలి.

లక్సెం_లక్ష్మి | సాయంత్రం 5:15

ఆలస్యంగా వచ్చాను, ఒక్క మాట చెప్పి పోతా. నేను లక్సెంబర్గ్‌లో ఉంటాను, ఇక్కడ పలకరింపు "మోయెన్". సూపర్ మార్కెట్‌లో, బస్సులో, పిల్లల స్కూల్లో, సాయంత్రమైనా మోయెనే. ఎమ్డెన్‌కీ మాకూ వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడి భాష ప్లాటూ కాదు, ఫ్రీసియనూ కాదు, మాది పొద్దుటి మోర్గెన్ నుంచే వచ్చిందని ఇక్కడ అందరికీ తెలుసు, గొడవే లేదు.

నిఘంటు_పిచ్చి | సాయంత్రం 5:32

లక్ష్మి గారూ నిన్న రాత్రి నేను రాస్తానని రాయకుండా పడుకున్నది ఇదే, మీరే రాసేశారు. అందం అనే అర్థంలో ఆ మోయ్ వాడకంలో లేని చోట కూడా అచ్చం ఇలాంటి పలకరింపే ఉంది, అదీ రోజంతా వాడతారు. అంటే పొద్దుటి మాట రోజంతా పాకడానికి "మంచి రోజు" సాయం అక్కర్లేదు. ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ వాళ్ళ పెద్ద ఆధారం అక్కడే సగం కూలిపోతుంది.

సీమ_బిడ్డ | సాయంత్రం 6:04

సగమే. మా గ్రోనింగెన్ మోయ్‌లో "న్" లేదు కదా, దాన్నేం చేస్తారు? మోర్గెన్ నుంచి వస్తే చివర "న్" ఉండాల. ఇక్కడ మోయ్ అనే విశేషణం రోజూ నోట్లో నానే మాట, జనానికి ఆ రెండూ ఒకటే.

నిఘంటు_పిచ్చి | సాయంత్రం 6:20

"న్" జారిపోవడం డచ్‌లో మామూలేనండి, రాతలో ఉన్న చివరి "న్" చాలాచోట్ల పలకరు కదా. కానీ మీ రెండో మాట ఒప్పుకుంటా. పుట్టుక ఏదైనా, పక్కనే అలాంటి ఇంకో మాట తిరుగుతుంటే జనం దాన్ని దీనికి అంటగడతారు, ఆ తర్వాత ఆ అర్థం కూడా నిజమే అయిపోతుంది. మోయిన్ మోయిన్ అని రెండుసార్లు అనడానికి కూడా ఒక వివరణ ఇలాగే ఉంది, "మోయెన్ మోర్గెన్" అంటే మంచి పొద్దు, మొదటి మోయిన్ మంచిది, రెండో మోయిన్ పొద్దు అని. రెండు వాదాలకీ పెళ్ళి చేసేశారు.

రిటైర్డ్_మాస్టారు | రాత్రి 7:30

పలకరింపులు అరిగినంత వేగంగా ఇంకే మాటలూ అరగవు. నమస్కారమండి అని మొదలుపెట్టినది మా బడి వరండా చివరికి వచ్చేసరికి "స్కారమండి", ఇంకో రెండేళ్ళకి ఉత్త "సార్" అని తల ఊపడం. ఆ "సార్"కి అర్థమేమిటని ఎవరైనా విదేశీయుడు అడిగితే మనం ఏం చెప్తాం?

ఇక పొద్దుటి పలకరింపు అసలు మనది కాదు. శుభోదయం అనేది గుడ్ మార్నింగ్‌కి తయారుచేసిన అనువాదం, వాట్సాప్‌లో గులాబీ పువ్వు కింద తప్ప ఎదురుపడిన మనిషితో అనగా నేను వినలేదు. మనం ఎదురైతే "ఎక్కడికి?" అంటాం, "భోంచేశారా?" అంటాం. సమాధానం కోసం కాదు.

పాతబస్తీ_పోరడు | రాత్రి 7:44

సార్ ఈడ గూడ తిండి పలకరింపు ఉంది! ఆఫీసుల పదకొండు దాటిందంటే వరండాల ఎదురైనోడల్లా "మాల్‌ట్సైట్" అంటడు, అంటే భోజనం వేళ అని. నాకు మొదట్ల లంచ్‌కు పిలుస్తుండనుకొని ఒకాయన ఎన్క క్యాంటీన్ దాక పోయిన. ఆయన బాత్రూమ్‌కు పోతుండె.

కోనసీమ_కుర్రాడు | రాత్రి 8:02

😂😂 అన్నా

సరే నాకు ఇంకో డౌటు. మోర్గెన్ అంటే పొద్దున అనీ ఉంది, రేపు అనీ ఉంది డిక్షనరీలో. ఒకే మాటకి రెండెలా? ప్రొఫెసర్‌కి "రేపు పొద్దున వస్తా" అని మోర్గెన్ మోర్గెన్ అని మెయిల్ పెట్టా, ఆయన దాన్ని సరిచేసి పంపాడు, మోర్గెన్ ఫ్ర్యూ అనాలంట.

రిటైర్డ్_మాస్టారు | రాత్రి 8:35

అబ్బాయ్, నువ్వు జర్మన్ గురించి అడిగావనుకుంటున్నావు, తెలుగు గురించే అడిగావు.

మన "రేపు" కూడా అంతే. పాత తెలుగులో రేపు అంటే తెల్లవారుజాము, పొద్దు. రేపకడ అంటే ఉదయం, మన కావ్యాల్లో కనపడుతుంది. మాపు అంటే సాయంత్రం, రాత్రి. రేపూ మాపూ అంటే పొద్దున్నా సాయంత్రం. ఇప్పుడు రేపుమాపు అంటే పని వాయిదా వెయ్యడం అనుకుంటున్నారు గానీ దాని లోపల ఉన్నవి ఒక పొద్దు, ఒక సాయంత్రం. రాత్రి కూర్చుని "రేప్పొద్దున చేద్దాం" అనుకునేవాడికి వచ్చే పొద్దే వచ్చే రోజు. అలా పొద్దు అనే మాటే మర్నాడైపోయింది. ఇంగ్లీష్ వాళ్ళ టుమారోలో ఉన్నదీ అదే పొద్దు.

తేడా ఏంటంటే జర్మన్ రెండర్థాలూ ఉంచుకుంది. మనం పొద్దు అర్థాన్ని మర్చిపోయి రేపుని మర్నాటికి మాత్రం ఉంచుకున్నాం, అందుకే "రేపు పొద్దున" అంటే మనకి తడబాటు లేదు, నీ మోర్గెన్ మోర్గెన్‌కి మాత్రం ప్రొఫెసర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

నిఘంటు_పిచ్చి | రాత్రి 8:41

మాస్టారూ రేపకడ నాకు తట్టనే లేదు. నా నిఘంటు పిచ్చి అనే పేరు మార్చుకోవాలి. అన్నట్టు పశ్చిమ ఫ్రీసియన్‌లో కూడా "మోఆర్న్" అంటే రేపు, అదే మాట చుట్టం. జర్మన్‌కీ ఫ్రీసియన్‌కీ ఉమ్మడి ఆస్తి అంటే నన్నడిగితే అదే అసలుది, మోయిన్ దాని మనవడు.

వేదవిద్య | రాత్రి 9:05

వినోదం విషయంలో మాస్టారు చెప్పింది చూశాను, సరే. కానీ మోయిన్ ఫ్రీసియన్ మాట కాదా మరి? తూర్పు ఫ్రీసియా వాళ్ళదే అని అందరూ అంటున్నారుగా. అక్కడి భాష ఫ్రీసియనే కదా.

నిఘంటు_పిచ్చి | రాత్రి 9:28

ఇప్పుడు అడిగింది బాగుంది. తిరకాసు ఏంటంటే ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ జనం తమని ఫ్రీసియన్లే అనుకుంటారు గానీ వాళ్ళ ఫ్రీసియన్ భాష పోయి చాలాకాలమైంది. మధ్యయుగాల చివర నుంచీ మెల్లిమెల్లిగా లో జర్మన్‌కి మారిపోయారు, వ్యాపారం, కోర్టు, చర్చి అన్నీ అందులో నడిచాయి కాబట్టి. వాంగరోగె అనే దీవి యాస ఒకటి చాలాకాలం కొనఊపిరితో ఉండి 1950లో చివరి మనుషులతో పోయింది. ఆ తూర్పు ఫ్రీసియన్‌లో ఇవాళ మిగిలింది జాటర్‌లాండ్ ఒక్కటే, అదీ ఎలా మిగిలిందంటే చుట్టూ బురద నేలలు, ఇసుక మెట్ట మీద ఊళ్ళు, బయటివాళ్ళు పడవలోనో, నేల గడ్డకట్టిన చలికాలంలోనో తప్ప వెళ్ళడం కష్టం. దారి లేకపోబట్టి భాష బతికింది. తమాషా ఏంటంటే ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్‌లో వాళ్ళు మాట్లాడే లో జర్మన్‌ని వాళ్ళే "ఓస్ట్‌ఫ్రేస్క్ ప్లాట్" అంటారు, పేరులో ఫ్రీసియన్, భాష ప్లాట్.

కాబట్టి మోయిన్ ఫ్రీసియన్ జనం వాడే మాటే, ఫ్రీసియన్ భాషలోంచి పుట్టిన మాట అనడానికి మాత్రం లేదు. కోనసీమ కుర్రాడి క్లాసులో ముగ్గురూ కొట్టుకుంటున్నది ఇక్కడే.

సీమ_బిడ్డ | రాత్రి 9:50

దానికి నేను సాక్ష్యం. అసలైన ఫ్రీసియన్ మాట్లాడే లీవార్డెన్ పక్క పోతే మోయిన్ వినపడదు. "గోయె" అంటారు, గుడ్ అన్నట్టు.

పాతబస్తీ_పోరడు | రాత్రి 10:11

ఉత్తరాన ఫ్లెన్స్‌బుర్గ్ పోయిన పోయిన ఎండకాలం, డెన్మార్క్ బార్డరు. ఆడ వచ్చేటప్పుడు మోయిన్, పొయ్యేటప్పుడు గూడ మోయిన్. బార్డరు దాటి డెన్మార్క్ల అడుగుపెట్టినా దుకాణపామె మోయిన్ అనే అన్నది. దేశం మారింది, పైసలు మారినయ్, మోయిన్ మారలే. మ్యూనిక్‌ల మాత్రం అని చూడుండ్రి, నువ్వేడికెల్లొచ్చినవ్రా అన్నట్టు చూస్తరు, ఆడ గ్ర్యూస్ గాట్, సెర్వుస్ నడుస్తది.

లక్సెం_లక్ష్మి | రాత్రి 10:25

చ్యూస్ ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు, ఊరిస్తున్నారా?

నిఘంటు_పిచ్చి | రాత్రి 10:33

చ్యూస్ కథ చిన్నది. ఫ్రెంచ్ అద్యూ, స్పానిష్ అదియోస్ ఉన్నాయే, "దేవుడికి అప్పజెప్పాను" అని, ఆ కుటుంబం మాట ఓడరేవుల దారిన ఉత్తరాదికి వచ్చి అజ్యూస్ అయ్యి, ముందు "అ" ఊడి చ్యూస్ అయింది. దేవుడున్న సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. మోయిన్‌లో పొద్దు పోయినట్టే, చ్యూస్‌లో దేవుడు పోయాడు.

కోనసీమ_కుర్రాడు | రాత్రి 10:50

ఇంత వస్తుందనుకోలేదండి, అందరికీ థాంక్స్. ఆదివారం మా ఇంటి ఓనరు బామ్మ టీకి రమ్మంది, 80 దాటాయి, ఇంట్లో ప్లాటే మాట్లాడతది. అడిగి చెప్తా.

పాతబస్తీ_పోరడు | రాత్రి 10:54

తమ్మీ ఆడ టీ అంటే ఆషామాషీ కాదు. మూడు కప్పులు తాగాలె, తక్కువైతే మర్యాద కాదు. కలకండ ముక్క ముందు కప్పుల ఏస్తరు, దాని మీద వేడి టీ పోస్తే టిక్కుటిక్కుమని పగులుతది, అంచు పొంటి మీగడ చుక్క ఏస్తరు, అది మబ్బు లెక్క లేస్తది. స్పూనుతోని కలిపితే అంతే సంగతులు, అస్సలు కలుపొద్దు.

బెంగళూరు_బాబు | రాత్రి 11:01

ఆ టీలో ముఖ్యమైన ఆకు మన అస్సాందే తెలుసా. ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ వాళ్ళు మనిషికి ఏడాదికి సుమారు 300 లీటర్లు తాగుతారంట, మన దేశంలో మనిషి సగటు దీని ముందు ఆనదు. ఆకు మనది, రికార్డు వాళ్ళది.

మోడరేటర్ | రాత్రి 11:15

టీ, వంటలు వేరే విభాగంలో పెట్టుకోండి దయచేసి. ఇది పదాల విభాగం.

కోనసీమ_కుర్రాడు | ఆదివారం, రాత్రి 8:20

మోడరేటర్ గారూ క్షమించాలి, టీ లేకుండా చెప్పడం కుదరదు.

వెళ్ళానండి. గుమ్మంలో నేనే ముందుగా, ఒక్కసారే, మోయిన్ అన్నా. బామ్మ మొహం వెలిగింది. మొదటి కప్పు అయ్యాక అడిగా, మోయిన్ అంటే ఏంటి బామ్మగారూ అని. ఇంకేముంది, మోయెన్ డాగ్ అని ఠపీమని చెప్పింది, వాళ్ళమ్మ కూడా అదే చెప్పేదంట. ఇంతలో కుర్చీలో కునుకు తీస్తున్న తాతగారు కళ్ళు తెరవకుండానే "మోర్గెన్" అన్నాడు. ఆయనది హాంబుర్గ్ పక్క. బామ్మ కెటిల్ కింద పెట్టి ప్లాట్‌లో ఏదో అంది, ఆయనా ఏదో అన్నాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఇది ఇవాళ మొదలైన గొడవ కాదని మాత్రం తెలిసిపోయింది. లక్సెంబర్గ్ సంగతి చెప్దామని నోరు తెరిచా, బామ్మ చూపు చూసి మూసేశా.

వాళ్ళు అలా వాదించుకుంటూనే నా కప్పు ఖాళీ అయినప్పుడల్లా నింపేస్తున్నారు, మూడయ్యాయి, నాలుగయ్యాయి, చాలండీ అంటే వినరు. ఆరో కప్పు మధ్యలో బామ్మ నా సాసర్‌లో పడి ఉన్న స్పూన్ చూపించి అడిగింది, అది కప్పులో ఎందుకు పెట్టలేదు, పెడితే చాలని అర్థం కదా అని.

పాతబస్తీ అన్నా, కలపొద్దని చెప్పావు, ఈ ముక్క ఎందుకు చెప్పలేదు? రాత్రి ఎనిమిదైంది, నిద్ర పట్టేలా లేదు.